గురువారం వాంగ్మూలం

మాత్రల అట్ట భోజనాల బల్ల మీద, నీళ్లజగ్గు పక్కన పడి ఉంది. అత్తగారు దాన్ని అక్కడ పెట్టి పావుగంట దాటింది. ఎదురుగా పెద్దకొడుకూ కోడలూ కూర్చుని ఉన్నారు.

పెద్దకొడుకు పనిసంచీ పట్టీ ఊడిపోతే కుట్టిపెడదామని పొద్దున్నే ముందేసుకుందావిడ. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కాజాలు కుట్టిన మనిషి. సంచీ పట్టీ కుట్టమంటే లోపలి జేబుల కుట్లు కూడా తడిమి చూడందే వదలదు. పక్కజేబులో, స్క్రూడ్రైవర్ల కింద, అట్ట చేతికి తగిలింది. పేరు చదవాల్సిన అవసరం లేకపోయింది. రెండేళ్ల కిందట ఇదే మాత్రను, ఇలాంటి ఆకుపచ్చ గీత ఉన్న అట్టలోంచే తీసి, రోజూ పొద్దున కూతురి అరచేతిలో పెట్టింది ఆవిడే. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకున్న ఆ పిల్ల, మందు మొదలుపెట్టిన ఏడు వారాలకి తన ప్రాణం తనే తీసుకుంది. అప్పటికి పంతొమ్మిదేళ్లు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో మనసుకు మందు అన్న మాట వినపడితే చాలు, అత్తగారు చేతిలో పని అక్కడే వదిలేసి లేచిపోయేది.

ఈవేళ మాత్రం కదల్లేదు. ఒంటికాలి మీద లేచింది ఆవిడ చిన్నకొడుకు, కోడలికి మరిది. ఈత కొలనులో పిల్లలకి మొదటి బ్యాచ్ నేర్పించి అప్పుడే వచ్చాడు. జుట్టు ఇంకా తడిగానే ఉంది, ఒంటి మీద కొలనులో కలిపే మందు వాసన. అట్టను రెండు వేళ్లతో ఎత్తి చూసి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు.

అయిదు నెలలు అన్నాడు అన్న.

అన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఎనిమిదో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడే పని. పోయిన ఏడాది చివర్లో మూడు నెలలు ఆ పనికి వెళ్లలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముందు పెడితే పళ్లెం వైపు చూస్తూ కూర్చునేవాడు. నడుంనొప్పి అని ఇంట్లో చెప్పారు మొగుడూ పెళ్లాలు. ఆ అబద్ధం ఇప్పుడు బల్ల మీదికొచ్చింది.

"అంటే ఆ మూడు నెలలూ లేని నడుంనొప్పికి అమ్మ చేత నూనె రాయించుకున్నావన్న మాట" అన్నాడు మరిది.

"నూనె వల్ల నడుము బాగానే ఉంది" అన్నాడు అన్న. నవ్వించడానికే అన్నాడు.

మరిది గొంతు పెరిగింది. తను రెండేళ్లుగా ఎందుకు తిరుగుతున్నాడో తెలీదా అన్నాడు. ఎన్ని అర్జీలు, ఎంతమంది సంతకాలు, ఎన్ని ఆఫీసుల మెట్లు. ఈ మందుల మీద ప్రభుత్వం విచారణ సంఘం వేసిందంటే అందులో తన అర్జీ కూడా ఒకటి. ఎల్లుండి, గురువారం, తను ఆ సంఘం ముందు నిలబడి చెల్లెలి గురించి వాంగ్మూలం ఇవ్వబోతున్నాడు. ఆ చెల్లెలి అన్నే ఈ మాత్రలు మింగుతున్నాడని ఎవరైనా లేచి అడిగితే తను ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ తర్వాత అతని చూపు వదిన మీదికి మళ్లింది. "నీకు తెలుసు కదా వదినా."

కోడలు తెలుసంది. అంతకంటే ఏం చెప్పినా ఒకరి పక్షం వహించినట్టే అవుతుంది. ఆమె ఆ విచారణ సంఘంలోనే స్టెనో. పదకొండు రోజులుగా రెండు పక్షాల మాటలూ ఒక్క అక్షరం పోకుండా రాస్తోంది. రాసేటప్పుడు ఎవరి మాట నిజమని ఆలోచించకూడదు, ఆలోచిస్తే చెయ్యి వెనకబడుతుంది. ఇంట్లో కూడా అదే అలవాటైపోయిందేమోనని ఆమెకు అప్పుడప్పుడు భయం వేసేది.

"ఈ రోజే ఆపెయ్" అన్నాడు మరిది అన్నతో. అట్టను పిడికిట్లో నొక్కి చెత్తబుట్ట వైపు రెండడుగులు వేశాడు. "ఇప్పుడే, అమ్మ ముందే ఆపెయ్. చెల్లికి ఒరిగిందేమిటో చూశాం కదా."

అప్పుడు లేచింది అత్తగారు. చిన్నకొడుకు పిడికిలి విప్పి, నలిగిన అట్టను తీసుకుని, పెద్దకొడుకు ముందు పెట్టింది. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంపింది.

"ఈ రోజుది వేసుకో" అంది.

అన్న గ్లాసు ముట్టుకోలేదు.

"ఒక్కసారిగా ఆపకూడదు" అంది ఆవిడ, ఎవరి ముఖమూ చూడకుండా. సంచీ తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి, మిగిలిన కుట్టు వేయడం మొదలుపెట్టింది.

* * *

విచారణ జరిగే హాలు రెండో అంతస్తులో ఉంది. కింద గేటుకి అటొక గుంపు, ఇటొక గుంపు ప్లకార్డులు పట్టుకుని నిలబడతారు. 'ఈ మందే నన్ను బతికించింది' అని ఒకవైపు, 'మా పిల్లల్ని తిరిగి ఇస్తారా' అని ఇంకోవైపు. పదకొండు రోజులుగా ఒకరినొకరు చూసి చూసి, ఇప్పుడు ఎండెక్కితే ఒకే చెట్టు నీడలోకి జరుగుతున్నారు. లోపల టీ పోసే ఆయన మాత్రం తన పక్షం ఎప్పుడో తేల్చేశాడు. వాళ్ల బావమరిది ఆ మాత్రలు మొదలుపెట్టాక తనను తిట్టడం సగానికి సగం తగ్గించాడట. అందుకని తాను మందు పక్షమే.

ఆ మంగళవారం కోడలు ముందు కార్యదర్శి గదికి వెళ్లింది. గురువారం జాబితాలో ఏడో సాక్షి తన మరిది అని చెప్పింది. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉండాల్సిందని ఆయన అద్దాల మీంచి చూశాడు. తర్వాత కాస్త మెత్తబడి, ఆ అరగంటా రెండో స్టెనో కూర్చుంటాడు, మీరు బయట ఉండండి అన్నాడు. ఆమె సరేనంది. తన ఇంటి గురించి ప్రపంచమంతా వినబోయే అరగంటలో తనొక్కతే వినకుండా వరండాలో నిలబడి ఉండబోతోంది.

ఆ రోజు ముగ్గురు మాట్లాడారు.

మొదటావిడ బస్సు డ్రైవరు. రెండో కాన్పు తర్వాత పసిబిడ్డ ఏడుస్తుంటే తనకేమీ అనిపించేది కాదని చెప్పింది. ఆ మాత్ర లేకపోతే ఇవాళ తన పిల్లలకి తల్లి ఉండేది కాదంది. మందు దొరకడం కష్టం చెయ్యొద్దని సంఘాన్ని అడిగింది. చెప్పినంత సేపూ స్టీరింగు పట్టుకున్నట్టు బల్ల అంచు పట్టుకునే ఉంది.

రెండోవాడు బడిలో లెక్కల టీచరు. నాలుగేళ్లు వాడాడు. మందు పనిచేసిందనే చెప్పాడు. బాగైంది కదా అని ఒకరోజు తనంతట తనే మానేశాడు. మూడో రోజు నుంచి మొదలైంది. తల తిప్పితే చాలు, తలలో కరెంటు తీగ తగిలినట్టు చిటుక్కుమనేది. నిద్ర లేదు, కారణం లేకుండా కోపం, కారణం లేకుండా ఏడుపు. క్లాసులో బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని ఏడ్చాడు.

"మానేటప్పుడు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలని నాకు ఒక్కళ్లు చెప్పలేదండి. అట్ట మీద రాయలేదు, డాక్టరు అనలేదు. పిల్లలకి తీసివేత చెప్పేవాణ్ణి, నాకది తట్టలేదు" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఆయన కూడా కాస్త నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కోడలు పెన్సిలు ఆగలేదు.

చివర మానసిక వైద్యురాలు. జబ్బు ముదిరినవాళ్లకి ఈ మందులు మేలు చేస్తాయని గట్టిగానే చెప్పిందావిడ. కొద్దిపాటి దిగులుకి ఎంత మేలు చేస్తాయో అంత గట్టిగా చెప్పలేనంది. పడుచు పిల్లల్లో కొందరికి, మొదలుపెట్టిన కొత్తలో, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందనీ, ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలనీ, అది వాళ్లకి చెప్పడం డాక్టరు బాధ్యతనీ అంది. ఉన్నట్టుండి ఆపడం కూడా మంచిది కాదంది. అసలు మందే ఇవ్వకపోతే జబ్బు ఊరుకోదని కూడా అంది.

అధ్యక్షస్థానంలో ఉన్నాయన రిటైరైన జడ్జి. ఆయనకి తీర్పులు అలవాటు. "ఇంతకీ ఇవి మంచివా, చెడ్డవా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

"ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అని అడగండి, చెప్తాను. ఒక్క మాటలో చెప్పమంటే చెప్పలేను" అంది వైద్యురాలు.

హాల్లో రెండు వైపులా గొణుగుడు లేచింది. ఏ పక్షానికీ కావాల్సిన మాట దొరకలేదు.

పడుచు పిల్లలు, కొత్తలో, కనిపెట్టుకుని ఉండాలి. ఆ ముక్కలు రాసేటప్పుడు కోడలి చెయ్యి ఒక వాక్యం వెనకబడింది. పదకొండు రోజుల్లో మొదటిసారి. పిచ్చుకకి మందు రాసిచ్చిన డాక్టరు ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదని మరిది వందసార్లు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

* * *

సాయంత్రం ఆమె ఇంటి మెట్లెక్కుతుంటే భర్త మధ్యమెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పైకి వెళ్తే తమ్ముడి ముఖం చూడాలి, అందుకని.

నలుగురిలో ఆమె అతన్ని మీరు అంటుంది. ఇద్దరే ఉంటే నువ్వు. పక్కన కూర్చుని, పొద్దున వేసుకున్నావా అని అడిగింది.

వేసుకున్నానన్నాడు. పనిచేస్తున్నంత సేపూ అమ్మ పోసిన ఆ గ్లాసుడు నీళ్లే కళ్లముందు ఉన్నాయన్నాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు, ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాడు. వేసుకో అంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మళ్లీ అతనే అన్నాడు, తమ్ముడి మాటలో తప్పులేదని. ఈ ఏడు చెల్లి తద్దినం నాడు అందరూ ఏడ్చారు. తనకి ఏడుపు గొంతుదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. అంతకుముందు మూడు నెలలు చచ్చిపోదామనిపించినంత ఏడుపు, ఆ రోజు ఒక్క బొట్టు రాలేదు.

"లిఫ్టు ఏ రెండంతస్తుల మధ్య ఆగిందో చప్పుడు విని చెప్పేస్తాను నేను. నా సంగతే తెలీట్లేదు. కిందికైతే పడట్లేదు. పైకీ పోవట్లేదు."

కోడలికి పాత రోజులు గుర్తొచ్చాయి. ఇదివరకు కూరలో ఉప్పు తగ్గితే రెండు రోజులు అలిగేవాడు ఈ మనిషి. క్రికెట్ ఓడిపోతే అన్నం మానేసేవాడు. ఇప్పుడు ఏం పెట్టినా తింటాడు, ఏమన్నా సరే అంటాడు. పడక మీద కూడా పక్కన ఉంటాడు, అంతే. పనిలోకి వెళ్తున్నాడు కదా, నిద్రపోతున్నాడు కదా, మనిషి మిగిలాడు కదా అని తనకి తను చెప్పుకుంటుంది. ఆ అలకలు మళ్లీ రావాలని ఉందంటే వినేవాళ్లు నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పింది. అతను విని, రేపు ఉప్పు తగ్గించి చూడు అన్నాడు.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం, మోతాదు తగ్గించొచ్చేమో, మందు మార్చొచ్చేమో అడుగుదాం, నీ అంతట నువ్వు మాత్రం ఆపొద్దు అందామె. లెక్కల టీచరు చెప్పిందంతా చెప్పింది. అతను తలూపాడు. మాటిస్తావా అంటే, పొద్దున అమ్మకి ఇచ్చేశాను కదా అన్నాడు.

పైన అత్తగారి గదిలో రేడియో వార్తలు వినిపిస్తున్నాయి. విచారణలో ఆ రోజు ఎవరెవరు ఏమన్నారో చెబుతున్నారు. విచారణ మొదలైన రోజు నుంచి ఆవిడ ఒక్క రోజు కూడా మానకుండా వింటోంది. పగలు నేరుగా హాల్లోంచి ప్రసారమయ్యేది కూడా వింటుందని కోడలికి తెలుసు. వింటూ ఏమనుకుంటుందో మాత్రం తెలీదు.

* * *

బుధవారం విచారణకి సెలవు. భర్త పనికి వెళ్లాడు. మరిది నాలుగింటికి గానీ కొలను నుంచి రాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తగారు కోడల్ని తన గదికి పిలిచింది.

"నీ గీతల పుస్తకం తెచ్చుకోమ్మా" అంది. షార్ట్‌హ్యాండు పుస్తకానికి ఆవిడ పెట్టిన పేరు అది. "నేను చెప్తాను, రాయి. అక్కడ ఎలా రాస్తావో అలాగే. మధ్యలో ఏమీ అడక్కు. అడిగితే చెప్పలేను."

కోడలు కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. అత్తగారు మంచం అంచున, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, హాల్లో సాక్షులు కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది.

మొదట అందరికీ తెలిసిందే చెప్పింది. పిల్ల కాలేజీ మానేయడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, రోజూ పొద్దున మాత్ర ఇవ్వడం. కోడలి పెన్సిలు తేలిగ్గా సాగింది.

"మొదట్లో కొంచెం తేరుకుంది. నాలుగు వారాలకి తల దువ్వుకుంది, నాతో బజారుకొచ్చింది. ఆ తర్వాత కాలు ఒకచోట నిలవకుండా తిరిగేది. నిద్ర పట్టేది కాదు. నాకు భయం వేసింది. అప్పుడే రేడియోలో ఒకాయన చెప్పాడు, ఈ మాత్రలు పిల్లల బుర్ర తినేస్తాయని. విషం అన్నాడు. పెద్ద చదువు చదివినాయనే. డాక్టర్ని అడుగుదామంటే, ఆయన నా మాట ఎప్పుడు విన్నాడు గనక? నేనే ఒక ఉపాయం చేశాను."

ఆవిడ ఆగింది. కోడలు తలెత్తలేదు. అడగొద్దంది కదా.

"మందుల షాపులో బలం మాత్రలు కొన్నాను. తెల్లగా, గుండ్రంగా, అదే సైజు. పొద్దున్నే అవి ఇచ్చేదాన్ని. అమ్మా, రుచి వేరుగా ఉందేంటని అడిగింది ఒకరోజు. కంపెనీ మారిందన్నాను. అసలువి కాలవలో పారేశాను. ఆఖరి తొమ్మిది రోజులు దానికి ఆ మందు ఇవ్వలేదమ్మా నేను."

పెన్సిలు ఆగిపోయింది. కోడలు దాన్ని మళ్లీ కాగితానికి ఆనించి, తొమ్మిది అన్న గుర్తు వేసింది.

"మూడో రోజు నుంచి తలలో కరెంటు కొట్టినట్టుందని ఏడ్చేది. లోపలి విషం దిగుతోంది, ఓర్చుకోమన్నాను. నిన్న ఆ లెక్కల మాస్టారు అదే మాట అన్నాడు. అచ్చంగా అదే మాట."

ఆవిడ ఏడవలేదు. చెప్పాల్సింది ఇంకేమైనా మిగిలిందా అని వెతుక్కుంటున్నట్టు నేల వైపు చూస్తూ కూర్చుంది.

కోడలు పుస్తకం పక్కన పెట్టి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. వైద్యురాలు చెప్పిందంతా చెప్పింది. మొదలుపెట్టిన కొత్తలోనూ ప్రమాదమేనట, ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమేనట, జబ్బు అన్నింటికంటే ప్రమాదమట. కాలు నిలవకపోవడం మందు వల్లే అయి ఉండొచ్చు, అలా భయపడడం తప్పు కాదు. పిచ్చుక విషయంలో ఏది కారణమో ఇప్పుడు ఏ డాక్టరూ తేల్చలేడు.

"తేల్చలేరని నాకూ తెలుసు. నేను ఇవ్వలేదని మాత్రం చెప్పగలను గదా" అంది అత్తగారు.

ఆ మాట గురువారం, ఆ హాల్లో, చిన్నకొడుకు కంటే ముందు తనే చెప్పాలని ఆవిడ ఉద్దేశం. జాబితాలో పేరు ఎక్కించడానికి ఏం చెయ్యాలని అడిగింది. కార్యదర్శికి అర్జీ ఇవ్వాలంది కోడలు. ఇస్తే మరిది రెండేళ్ల పోరాటం ఒక్క పూటలో ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇవ్వకపోతే, సంఘం రికార్డులో ఒక తప్పు ఎప్పటికీ నిలిచిపోతుంది, అది తప్పని తెలిసిన స్టెనో ఆ ఇంట్లోనే ఉంటుంది. వాడికి ముందు మీరు ఇంట్లో చెప్పండి అత్తయ్యా, హాల్లో వినకూడదు వాడు, అంది కోడలు.

అత్తగారు జవాబు చెప్పేలోగా వీధి తలుపు చప్పుడైంది.

మరిది ఇంకా గంటకి రావాలి. చివరి బ్యాచ్ పిల్లల్ని తోటి మాస్టారికి అప్పజెప్పి వచ్చానన్నాడు, గుమ్మంలో నిలబడే. చేతిలో టైపు చేయించిన రెండు కాగితాలున్నాయి. నిన్నటి గొడవ తర్వాత వదినతో మాట్లాడ్డం అదే మొదటిసారి. అందుకని గొంతు తగ్గించి, కాస్త బతిమాలుతున్నట్టు అడిగాడు.

"వదినా, నువ్వు రోజూ ఇవే చూస్తావు కదా. ఒక్కసారి వింటావా? తప్పులుంటే చెప్పు. అమ్మా, నువ్వూ విను."

వద్దనడానికి కోడలికి కారణం తట్టలేదు. అతను అప్పటికే చదవడం మొదలుపెట్టాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, ప్రతి మాటా జాగ్రత్తగా పలుకుతున్నాడు. చెల్లెలి వయసు, చదువు, డాక్టరు ఏం చెప్పలేదో, అన్నీ వరసగా ఉన్నాయి. రెండో కాగితానికి వచ్చాడు.

"మందు మొదలుపెట్టిన రోజు నుంచి చివరి రోజు వరకూ, ఒక్క రోజు కూడా తప్పకుండా, మా అమ్మ తన చేత్తో ఆ మాత్ర ఇవ్వడం నేను కళ్లారా చూశాను..."

"ఆ ముక్క దగ్గర ఆగు నాన్నా" అంది అత్తగారు.

అతను ఆగాడు. అక్షరదోషం అనుకుని జేబులోంచి పెన్ను తీశాడు.